గాలిమర దింపే ఖర్చు ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

రాయలసీమ కొండల మీద కొత్త గాలిమరలకు అనుమతుల వార్తలు పత్రికల్లో తరచూ వస్తున్నాయి. ఎన్ని మెగావాట్లు, ఎన్ని కోట్లు, ఎందరికి ఉద్యోగాలు అన్నవి వాటిలో ఉంటాయి. పాతికేళ్ల తర్వాత ఆ మరను ఎవరు దింపుతారు, రెక్కలు ఎక్కడికి పోతాయి అన్న మాట మాత్రం కనిపించదు.

ఇది గాలి కరెంటుకు వ్యతిరేకంగా రాస్తున్న ఉత్తరం కాదు. 2 మెగావాట్ల మర సామర్థ్యంలో 25 శాతం పనిచేసినా ఏడాదికి దాదాపు 44 లక్షల యూనిట్లు ఇస్తుంది. అంత కరెంటు బొగ్గుతో తీయాలంటే యూనిట్‌కు 700 గ్రాముల చొప్పున 3,000 టన్నుల బొగ్గు కాల్చాలి. మన బొగ్గులో బూడిద 35–40 శాతం, అంటే ఏటా వెయ్యి టన్నుల పైమాటే. మర మూడు రెక్కలూ కలిపి 30 టన్నులు, అదీ పాతికేళ్లకు ఒకసారి. ముద్దనూరు దగ్గర థర్మల్ కేంద్రం చుట్టూ ఉన్న ఊళ్లవాళ్లకు ఈ తేడా విడమర్చి చెప్పక్కర్లేదు. గాలి కరెంటు కావాలి కాబట్టే దాని చివరి పని కూడా శుభ్రంగా జరగాలని అడుగుతున్నాం.

టవరు ఉక్కుకు, జనరేటరులోని రాగికి, గేర్‌బాక్స్ పోత ఇనుముకు పాత ఇనుము వ్యాపారులు పోటీపడి ధర ఇస్తారు. చిక్కంతా రెక్కతోనే. గాజునార పొరలను ఎపాక్సీ లేదా పాలిస్టర్ రెసిన్‌తో తడిపి, మధ్యలో బాల్సా కర్రో నురుగు పలకో పెట్టి గట్టిపరిస్తే రెక్క తయారవుతుంది. ఈ రెసిన్ ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు. ప్లాస్టిక్ బిందెలా కరిగించి ఇంకో వస్తువు పోసుకోలేం. అందుకే బరువు లెక్కన స్క్రాప్ టెండరు పిలిస్తే, పాడుకున్నవాడు లోహమంతా ఎత్తుకుని రెక్కలను కొండవారనే వదిలేస్తాడు. లోపల పిడుగు రక్షణ కోసం వేసిన తీగకు ఆశపడి నిప్పు పెట్టడం ఇంకా చెడ్డది. రెసిన్ నల్లటి పొగై పోతుంది, విడిపోయిన గాజునార గాలికి లేచి చేలల్లో పడుతుంది.

దీనికి దారి మన జిల్లాల్లోనే ఉంది. తాడిపత్రి, ఎర్రగుంట్ల, కొలిమిగుండ్ల సిమెంటు బట్టీలు గాలిమరల కొండలకు దగ్గరే. ముక్కలు చేసిన రెక్కను బట్టీలో వేస్తే రెసిన్, కర్ర ఇంధనంగా మండుతాయి. గాజులోని సిలికా, సున్నం, అల్యూమినా క్లింకరులో, అంటే పొడి చేస్తే సిమెంటయ్యే గడ్డల్లో, కలిసిపోతాయి. విడిగా బూడిద కూడా మిగలదు. జర్మనీలో లేగర్‌డార్ఫ్ సిమెంటు బట్టీ ఈ పని ఏళ్లుగా చేస్తోంది. అమెరికాలో 2020లో జీఈ, వియోలియా సంస్థలు ఇందుకే ఒప్పందం చేసుకున్నాయి.

ఇది తేలికపని మాత్రం కాదు. రెక్కను కొండ దగ్గరే వజ్రపు రంపంతో, నీళ్లు పోస్తూ, 8–10 మీటర్ల ముక్కలుగా కోయాలి. నీళ్లు లేకుండా కోస్తే లేచే గాజు దుమ్ము కోసేవాళ్ల చర్మాన్ని, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఆ నీటిని గుంతలో ఆపి, అడుగున దిగిన బురదను సంచులకెత్తాలి, వాగులోకి వదలకూడదు. తర్వాత ష్రెడర్ అనే తురిమే యంత్రంలో 50 మిల్లీమీటర్ల సైజుకు తేవాలి. పొడుగు నార మిగిలితే బట్టీలోకి ముక్కలు అందించే ఫీడరుకు చుట్టుకుని పని ఆగిపోతుంది. రెక్కల్లో వాడే గాజునారను ఈ-గ్లాస్ అంటారు, దానిలో చాలా రకాల్లో బోరాన్ ఉంటుంది. అది మోతాదు మించితే సిమెంటు గట్టిపడటం ఆలస్యమవుతుంది, కాబట్టి కొద్దికొద్దిగా, క్లింకరును పరీక్షిస్తూ వేయాలి. బట్టీకి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తప్పనిసరి. పైగా రెక్క ముక్కలకు ఎవరూ డబ్బివ్వరు, మనమే ఎదురివ్వాలి. అసలు అడ్డంకి ఇదే.

రామగిరి కొండల మీద 1990ల్లో నిలిపిన తొలితరం మరల వయసు అయిపోయింది. కేంద్రం 2023 డిసెంబరులో ప్రకటించిన రీపవరింగ్ విధానం, 2 మెగావాట్ల లోపు యంత్రాలను తీసి పెద్దవి పెట్టుకోవడానికి వీలిస్తోంది. మంచిదే. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. 30 మీటర్ల ఎత్తులో కన్నా 100 మీటర్ల ఎత్తులో గాలి జోరెక్కువ. కానీ పాత పునాది మీద కొత్త మర నిలబడదు. రెక్కల పొడవు పెరిగితే మరల మధ్య ఎడమూ పెరగాలి, కాబట్టి పాత చోట్లు చాలావరకు వదిలేస్తారు. ఆ దిమ్మెలు, పైకి పొడుచుకొచ్చిన బోల్టులు అక్కడే ఉండిపోతాయి. అసలు బరువు ముందుంది. రాష్ట్రంలోని సుమారు 4,000 మెగావాట్లలో ఎక్కువ భాగం 2014–18 మధ్య వచ్చింది. మరకు 2 మెగావాట్లు అనుకుంటే రెండు వేల మరలు, ఆరు వేల రెక్కలు. 2040కి అటూఇటూగా ఇవన్నీ దిగాలి.

దింపడానికీ అదను చూడాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి ఉద్ధృతి వల్ల క్రేను పని భద్రం కాదు. సెకనుకు 10 మీటర్లు దాటితే రెక్క ఎత్తడం ఆపేయాల్సిందే. 33 కేవీ లైను విడదీసి ఎర్త్ చేశాక, ముందుగా గేర్‌బాక్స్ నూనె దించాలి. 2 మెగావాట్ల యంత్రంలో 300–400 లీటర్లు ఉంటుంది, అడుగున ట్రాన్స్‌ఫార్మర్ నూనె వేరు. కరెంటును కలిపి, తెంచే స్విచ్‌గేరు పెట్టెలో ఎస్‌ఎఫ్6 వాయువు ఉంటే సిలిండరులోకి లాగాలి. కార్బన్ డయాక్సైడ్ కన్నా 23 వేల రెట్లకు పైగా వేడి పట్టే వాయువది, వాల్వు విప్పి వదిలేస్తే లెక్కకు కూడా రాదు. ఖర్చు తగ్గుతుందని టవరును గ్యాస్‌తో కోసి చెట్టులా పడగొడితే నూనె మట్టిపాలు, రెక్కలు తుక్కుతుక్కు.

కొండ రోడ్ల సంగతి అందరూ మరిచిపోతారు. క్రేను ఎక్కడానికి వాలును కోసి వేసిన 5–6 మీటర్ల గ్రావెల్ రోడ్డు వానాకాలంలో కాలువవుతుంది. కొట్టుకొచ్చిన మట్టి కింది చెరువులో పూడికగా చేరుతుంది. మరతోపాటు ఆ రోడ్డును అడ్డంగా తెగ్గొట్టి, రాతి కట్టలు వేసి, గడ్డి పట్టించాలి. పునాది విషయంలో, కనీసం పై మీటరు కాంక్రీటు తీసి మట్టి నింపితే నాగలి సాగుతుంది.

సోలార్ పలకలకు 2022 ఈ-వ్యర్థాల నిబంధనలు వర్తిస్తున్నాయి. రెక్కలకు అలాంటి ప్రత్యేక నిబంధన లేదు. గాలిమరలు 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ పరిధిలోకీ రావు. కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణలో లేచి ఈ ప్రశ్న అడిగే అవకాశం కూడా రైతుకు లేదు. ఫ్రాన్స్ 2011లోనే దింపే ఖర్చు కోసం మరకు 50 వేల యూరోల హామీ పెట్టించింది. 2020లో పునాది మొత్తం తవ్వి తీయాలని సవరించింది.

ఇక్కడ పదో ఏడు నుంచి యూనిట్‌కు 5 పైసలు వేరే ఖాతాలో జమ చేయించినా పదిహేనేళ్లలో మరకు 33 లక్షలవుతుంది, వడ్డీ అదనం. యూనిట్ 4.84 రూపాయల ధరకు కుదిరిన ఒప్పందాల్లో ఇది ఒక శాతం. స్క్రాప్ ధర వస్తుంది కదా అని ఈ మొత్తంలో కోత పెట్టకూడదు. ఇనుము ధర పడిపోవచ్చు, ప్రాజెక్టు చేతులు మారవచ్చు. ఒప్పందం ముగిశాక కంపెనీ దగ్గర మిగిలేది ఆ పాత మర ఒక్కటే. కొత్త లీజులన్నిటిలో ఈ షరతు చేర్చాలని ఇంధన శాఖను, రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ నెడ్‌క్యాప్‌ను కోరుతున్నాం.

పట్టా భూమి ఇచ్చే రైతులు సంతకానికి ముందే చూసుకోవాలి. దింపే బాధ్యత కంపెనీ చేతులు మారినా వర్తిస్తుందని ఉందా? పునాది ఎంత లోతు తీస్తారో మీటర్లలో రాశారా? మర ఆగిన ఎన్ని నెలల్లో దింపాలో గడువు పెట్టారా? అప్పటిదాకా లీజు డబ్బు ఆగకుండా వస్తుందా?

ఇట్లు
పవన విద్యుత్ నిర్వహణ ఇంజినీర్లం
అనంతపురం