చందమామ మీది నల్లరాయి

హన్మకొండ
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? క్వారీ పని ఎలా నడుస్తోంది? అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందా?

పోయిన వారం పిల్లల్ని తీసుకుని రామప్పకు పోయొచ్చాం. ఆ నల్లటి స్తంభాలు చూడగానే నువ్వే గుర్తొచ్చావు. మీ వ్యాపారంలో బ్లాక్ గ్రానైట్ అని అమ్మే రాయి అసలు పేరు డోలరైట్ అనీ, అందులోని నల్ల గింజలు పైరాక్సిన్ అనీ చెప్పింది నువ్వే కదా. ఆ పైరాక్సిన్ చందమామ మీది నల్ల మచ్చల్లో కూడా దండిగా ఉందిరా! ఏ మూల ఏ రాయి ఉందో పైనుంచే ఎలా పట్టుకుంటారో ఈ మధ్యే చదివాను. అప్పటినుంచి నీకు చెప్పాలని ఒకటే ఆరాటం.

టీవీ రిమోట్‌లోంచి వచ్చే వెలుగు మన కంటికి కనబడదు కదా, రాళ్లను పట్టిచ్చే ఇన్‌ఫ్రారెడ్ వెలుగూ ఆ జాతిదే. ఎండలోనూ అది ఉంటుంది. రాయి మీద పడ్డాక కొంత తిరిగొస్తుంది, కొంత రాయి మింగేస్తుంది. ఈ వెలుగు అల పొడవును మైక్రాన్లలో కొలుస్తారు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పైరాక్సిన్‌లోని ఇనుము 1 మైక్రాన్ దగ్గర ఒకసారి, 2 మైక్రాన్ల దగ్గర ఇంకోసారి మింగుతుంది. తిరిగొచ్చిన వెలుగుకు గ్రాఫు గీస్తే ఆ రెండు చోట్లా గుంతలు పడతాయి. ఒలివిన్ అనే ఇంకో ఖనిజానికైతే 1 మైక్రాన్ దగ్గర ఒకటే వెడల్పాటి గుంత.

2008 అక్టోబర్‌లో చంద్రయాన్-1 లేచిన పొద్దున హాస్టల్ టీవీ ముందు చప్పట్లు కొట్టాం, గుర్తుందా? అందులో నాసా వాళ్ల ఎం3 అనే పరికరం ఉండేది. 3 మైక్రాన్లకు దగ్గర్లో అది చూసిన గుంత వల్లే చంద్రుడి నేలలో నీటి జాడ ఉందని 2009లో తెలిసింది. అయితే అక్కడో చిక్కుంది. ఎండకు కాలిన నేల కూడా ఆ దగ్గర్లోనే సొంతంగా ఇన్‌ఫ్రారెడ్ వదులుతుంది. అది కలిసిపోతే గుంత లోతు తక్కువగా కనబడుతుంది. ఎం3 చూపు 3 మైక్రాన్ల దగ్గరే ఆగిపోయేది. అందుకే చంద్రయాన్-2 పరికరాన్ని 5 మైక్రాన్ల దాకా చూసేలా చేశారు. అక్కడిదాకా చూస్తే ఆ వేడి వాటా ఎంతో లెక్కగట్టి తీసేయొచ్చు. మనవాళ్లు ఇంత దూరం ఆలోచించారంటే ఎంత గర్వంగా అనిపించిందో!

నువ్వు రాయి పైపొరను నమ్మవు, సుత్తితో కొట్టి లోపలి ముఖం చూస్తావు. అక్కడా అంతేరా. సూర్యుడి నుంచి కొట్టుకొచ్చే కణాలు, చిన్న చిన్న ఉల్కలు తగిలి తగిలి పైమట్టి మసకబారి, గ్రాఫులో గుంతలు లోతు తగ్గి కనబడతాయి. అందుకే కొత్తగా ఉల్క పడి పగిలిన చోట్లు వెతుకుతారు. నీ సుత్తి పని అక్కడ ఉల్క చేసిపెడుతుంది.

దసరాకు వస్తావు కదా? కొత్తగా పగిలిన డోలరైట్ ముక్క ఒకటి తెచ్చిపెట్టు. బళ్లో పిల్లల చేతుల్లో పెట్టి ఇదంతా చెప్పాలి.

నీ,
రవి