పాత లాగర్ బోర్డుల అప్‌డేట్ ఎందుకు ఆలస్యమైందంటే

అందరికీ నమస్కారం. సంక్రాంతి తర్వాత ఇస్తామన్న సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పాత టెంపరేచర్ లాగర్లకు (చాంబర్ టెంపరేచర్‌ను ఎప్పటికప్పుడు రాసిపెట్టే పరికరాలకు) ఇంకా రాలేదు. గుంటూరు కోల్డ్ స్టోరేజీల వాళ్లు చాలామంది ఫోన్ చేశారు. "వారంలో వచ్చేస్తుందండీ" అని మూడుసార్లు చెప్పాను, మూడుసార్లూ మాట తప్పాను. క్షమించండి. జరిగిందేమిటో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

కొత్త లాగర్లలో ఈఎంఎంసీ మెమరీ ఉంది, అంటే ఫ్లాష్ చిప్పూ దాన్ని చూసుకునే కంట్రోలరూ కలిసే ఉంటాయి. మొదట్లో మీరు కొన్నవాటిలో ఉన్నది ఆ కంట్రోలర్ లేని విడి నాండ్ ఫ్లాష్ చిప్ (కరెంటు పోయినా డేటా నిలిచే మెమరీ). దాన్ని నడిపే ప్రోగ్రాంను, అంటే డ్రైవర్‌ను, లాగర్‌లో నడిచే లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ముఖ్య భాగం) 4.9 వెర్షన్ కోసం మా ఆటోనగర్ షాపులోనే రాసుకున్నాం. ఆ కెర్నల్‌కు సెక్యూరిటీ సవరణలు 2023 జనవరితో ఆగిపోయాయి. అందుకే అన్ని బోర్డులనూ 6.6 వెర్షన్‌కి మార్చే పని పెట్టుకున్నాం.

కొత్త మోడల్ మొదలైనప్పుడు బిల్డ్ (కోడ్‌ను బోర్డు మీద నడిచే సాఫ్ట్‌వేర్‌గా మార్చడం) సెట్టింగుల్లో ఆ పాత డ్రైవర్‌ను ఆఫ్ చేశాం. ఆఫ్‌లో ఉన్న ఫైలు జోలికి ఆ మార్చే ప్రోగ్రాం, అంటే కంపైలర్, వెళ్లదు. రోజూ బిల్డ్ శుభ్రంగా వస్తుంటే అంతా బాగానే ఉందనుకున్నాం. అది నా తప్పు. ఈ జనవరిలో ఆన్ చేసి చూస్తే స్క్రీన్ నిండా ఎర్రర్లే.

కెర్నల్ లోపల ఒక ఫంక్షన్ (ఒక పని చేసే కోడ్ ముక్క) మారితే, దాన్ని వాడే డ్రైవర్లన్నిటినీ ఆ మార్చినవాళ్లే సరిచేస్తారు. మా డ్రైవర్ కెర్నల్‌లో లేదు, మా దగ్గరే ఉంది. కాబట్టి ఎవరూ సరిచేయలేదు. చిప్ అడ్రసులను డ్రైవర్‌కు అందించే ఐఓరీమ్యాప్ నోక్యాష్ అనే ఫంక్షన్‌ను 2020లో 5.6 వెర్షన్ నుంచి తీసేశారు. చిప్‌ను గుర్తించే నాండ్ స్కాన్ అనే ఫంక్షన్‌కు పాత కెర్నల్‌లో ఎంటీడీ అనే స్ట్రక్చర్ (వివరాల కట్ట) ఇచ్చేవాళ్లం, ఇప్పుడు చిప్ అనే స్ట్రక్చర్ ఇవ్వాలి. చదివే, రాసే అడ్రసులు లెగసీ అనే వేరే స్ట్రక్చర్‌లోకి వెళ్లిపోయాయి. ఇవన్నీ రెండు రోజుల్లో సర్దేశాం. కంపైల్ అయింది. నేను మీకు మొదటిసారి "వారంలో" అన్నది ఆ రోజే.

బోర్డు ఆన్ చేస్తే ఫ్లాష్ కనబడలేదు. బిట్ తప్పుల్ని పట్టుకుని దిద్దే ఈసీసీ పద్ధతిని మేం నాండ్ స్కాన్‌కు ముందే చెప్పేవాళ్లం. కొత్త కెర్నల్ స్కాన్ చేస్తూ దాని మీద తన డీఫాల్ట్ రాసేస్తోంది. ఇప్పుడు చిప్‌ను గుర్తించాక కెర్నల్ పిలిచే అటాచ్ చిప్ అనే ఫంక్షన్ దగ్గర చెప్పాలి. కంపైలర్ దీని గురించి ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వలేదు.

ఏదో ఒక ఈసీసీ పెడితే బోర్డు లేచేది. కానీ మీ పాత రికార్డులు హామింగ్ అనే ఈసీసీ పద్ధతిలో రాసినవి. 2048 బైట్ల పేజీ (ఫ్లాష్‌లో ఒకేసారి రాసే భాగం) పక్కన ఉండే 64 బైట్లలో ఆ కోడ్ ఏ వరుసలో ఉందో, కొత్త డ్రైవర్ కూడా అక్కడే వెతకాలి. లేకపోతే మంచి డేటా కూడా పాడైపోయినట్టే కనిపిస్తుంది. సీజన్ మొత్తం చాంబర్ టెంపరేచర్ ఎంత ఉందో మిర్చి టిక్కీలు (బస్తాలు) పెట్టిన రైతు అడిగితే, మీరు చూపించాల్సిన రికార్డు అది. అందుకే తొందరపడలేదు. ఆలస్యంలో ఎక్కువ భాగం ఇక్కడే అయింది.

మీలో ఒకరు మార్చేసి మాకిచ్చిన పాత బోర్డు మీద ఇప్పుడు పాత రికార్డులన్నీ తెరుచుకుంటున్నాయి. లాగర్ రాస్తుండగా కరెంటు తీసేసి మళ్లీ మళ్లీ చూశాం, నిలబడింది. ఇకమీదట పాత డ్రైవర్ కూడా ప్రతి రాత్రి బిల్డ్ అవుతుంది, వారానికోసారి ఆ బోర్డు మీదే ఆన్ చేసి చూస్తాం.

పాత బోర్డున్నవాళ్లు అప్‌డేట్ బటన్ మీరుగా నొక్కకండి. మా కుర్రాడు వచ్చి ముందు రికార్డులు పెన్‌డ్రైవ్‌లోకి తీసి, మీకు చూపించి, తర్వాతే వేస్తాడు. డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు. అది జరుగుతున్నంతసేపు లాగర్ రాయదు కాబట్టి, చాంబర్ థర్మామీటర్ చూసి రిజిస్టర్‌లో చేత్తో రాయించండి. ఏ రోజు ఏ టైముకు రమ్మంటారో ఫోన్ చేసి చెప్పండి, లోడింగ్ లేని టైమైతే మేలు.