హాస్య కళాకారుడిని పిలిచేముందు

సంపాదకులకు నమస్కారం.

మన నెల్లూరు, ఒంగోలు వైపు కాలేజీ వార్షికోత్సవాలకు ఇప్పుడు స్టాండప్ కమెడియన్లను, అంటే ఒంటరిగా మైకు ముందు నిలబడి జోకులు చెప్పేవాళ్లను పిలుస్తున్నారు. సంతోషమే. కానీ డీజే పాటకూ ముఖ్య అతిథి సన్మానానికీ నడుమ నిలబెడుతున్నారు. శాలువాల ఫొటోలు ఇంకా అవకముందే ఆ కుర్రాడు మొదలుపెట్టాలి. జనం నవ్వలేదంటే 'వాడి దగ్గర సరుకు లేదు' అనేస్తారు. చాలాసార్లు ఇది అన్యాయం.

పక్కవాళ్లు నవ్వుతుంటే మనకూ నవ్వొస్తుంది. వెయ్యి కుర్చీల మైదానంలో 300 మంది తలో మూలా కూర్చుంటే ఎంత మంచి జోకైనా గాలికి పోతుంది. అదే 80 మందిని చిన్న గదిలో దగ్గరగా కూర్చోబెడితే పండుతుంది. మొదటి వరుస వేదికకు ఆరేడు అడుగుల్లో ఉండాలి. ఆ జాగాలో పెద్దల కోసం సోఫాలు వేసి ఖాళీగా ఉంచడమంత చెరుపు మరొకటి లేదు. కల్యాణ మండపాల్లో మాట గోడలకు కొట్టుకుని తిరిగొస్తుంది. దానికి తోడు సౌండ్ అబ్బాయి పాటలకు పెట్టిన ఎకో అలాగే వదిలేస్తే జోకు చివరి మాట ఎవరికీ అందదు. ఎకో పూర్తిగా తీయించాలి. స్పీకర్లు మైకుకు ముందుండాలి; వెనకుంటే కూత పెడుతుంది.

ఆ చివరి మాటలోనే జోకు ప్రాణం ఉంది. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది, కొత్తవాళ్లు దెబ్బతినేది అక్కడే. 'పెళ్లిచూపులకొచ్చినోళ్లు నిన్నటి చేపల పులుసు చూసి సంబంధం ఖాయం చేసుకున్నారు' అంటే పులుసు దగ్గర మొదలైన నవ్వును మిగతా వాక్యం తొక్కేస్తుంది. 'పెళ్లిచూపులకొచ్చినోళ్లు సంబంధం ఖాయం చేసుకున్నారబ్బా' అని ఒక్క క్షణం ఆగి, 'నిన్నటి చేపల పులుసు చూసి' అనాలి. ఆ తర్వాత నోరు మెదపకూడదు. నవ్వు తగ్గుముఖం పట్టాకే తర్వాతి మాట ఎత్తుకోవాలి.

మిమిక్రీకి ఉన్న వెసులుబాటు స్టాండప్‌కు లేదు. మెచ్చిన గొంతును జనం మళ్లీ మళ్లీ అడుగుతారు. విన్న జోకుకు రెండోసారి అంతగా నవ్వరు. అందుకే 5 నిమిషాల సరుకు తయారవ్వాలంటే దాన్ని పదిచోట్ల చెప్పి చూడాలి, ఫోన్లో రికార్డు చేసుకుని నవ్వు పడని వాక్యాలు కొట్టేయాలి. ఆ పని అయ్యేలోపే వీడియో యూట్యూబ్‌లో పెట్టేస్తే ఉన్న ఊళ్లోనే సరుకు పాతబడిపోతుంది.

సినిమా అవకాశం వస్తే మరో చిక్కు. కెమెరా ముందు ఎవరూ నవ్వరు. వేదిక మీద అలవాటైన విరామం అక్కడ మాట మరిచిపోయినట్టు కనబడుతుంది, గొంతు కూడా సగానికి తగ్గించాలి. డబ్బింగ్ మాత్రం తానే చెప్పుకోవాలి. 'ఏందబ్బా' అనే మన పలుకుబడి వేరే గొంతులో అతికించినట్టుంటుంది.

నెల్లూరు జిల్లా హాస్యనటుడు రమణారెడ్డి సినిమాల్లోకి రాకముందు శానిటరీ ఇన్‌స్పెక్టరు, ఇంద్రజాలం కూడా తెలిసినవాడు. 'మాయాబజార్'లో చిన్నమయ్యగా ఆ సన్నటి మనిషి ఒంటిని వంచిన తీరు చూడండి, మాట లేకున్నా నవ్వొస్తుంది. ప్రకాశం జిల్లా ధర్మవరపు సుబ్రహ్మణ్యం దూరదర్శన్ హాస్య ధారావాహిక 'ఆనందో బ్రహ్మ'తో ఇంటింటికీ తెలిశాడు. ఇలాంటివాళ్లను కన్న నేల మీద ఈనాటి పిల్లలకు జోకు పరీక్షించుకునే చోటు లేదు.

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు కళాసంఘాల పెద్దలకు మా విన్నపం: నెలకో ఆదివారం సాయంత్రం 80 కుర్చీల గది, ఒక మైకు, ఒక స్టాండు ఇప్పించండి. మనిషికి 5 నిమిషాల చొప్పున పదిమందికి గంట చాలు. వేదిక మీద మాత్రమే వెలుగుండాలి, ఫ్యాన్లు చప్పుడు చేయనివి కావాలి. సన్మానాలు మరోరోజు పెట్టుకోండి.

– కొందరు హాస్య కళాభిమానులు, నెల్లూరు