ఆదివారం విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల వేట

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం ఉదయం 10 గంటలకి లెనిన్ విగ్రహం దగ్గర కలుద్దాం. గుడ్డ సంచీ, చిల్లర నోట్లు తెచ్చుకోండి.

కొనేముందు పేజీల నంబర్లు తప్పకుండా చూడండి. పుస్తకాన్ని ఎక్కువగా 16 పేజీల ఫారాలుగా, అంటే మడిచిన కాగితాల కట్టలుగా, కుడతారు. కుట్టు ఊడితే ఏకంగా ఫారమే పోతుంది, 48 తర్వాత 65 కనిపిస్తుంది. అట్ట ఎంత ముద్దొచ్చినా అలాంటిది వదిలేయండి.

వెన్ను దగ్గర సన్నటి పొడి రాలితే లోపల పురుగున్నట్టే. అయినా నచ్చిందా, తీసుకోండి. కానీ నేరుగా అలమారలో పెట్టొద్దు! బాగా ఆరనిచ్చి, పాలిథిన్ కవర్లో బిగించి, డీప్ ఫ్రిజ్‌లో రెండు వారాలు ఉంచండి. తీశాక ఒక రోజు కవరు విప్పకండి, చెమ్మ కాగితానికి పట్టేస్తుంది.

వచ్చేవాళ్ళు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే పేరు పెట్టండి. పోయినసారి అరువు తీసుకున్న పుస్తకాలు మర్చిపోకుండా తెండి.