అమ్మినవాడు రిటర్న్ వేయకపోతే కొన్నవాడు కట్టాలా?

సంపాదకులకు నమస్కారం.

ఉప్పల్‌లో పైపులు, ట్యాపులు, శానిటరీ సామాను అమ్మే చిన్న షాపు మాది. జీఎస్టీ వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. 2017 జులైలో వచ్చినప్పటి నుంచి కడుతూనే ఉన్నాం, అంతకు ముందు వ్యాట్ కూడా కట్టాం. నా బాధ ఒక్కటే. పన్నుతో సహా డబ్బులిచ్చి సరుకు తెచ్చుకున్నాక, ఆ అమ్మిన వ్యాపారి తన రిటర్న్ వేయకపోతే అదే పన్ను నా దగ్గర రెండోసారి వసూలవుతోంది.

వ్యాపారంలో లేనివాళ్లకు లెక్క చెబితే గానీ ఇది అర్థం కాదు. రాణిగంజ్‌లో 50,000 రూపాయల సరుకు కొన్నాననుకోండి. 18 శాతం జీఎస్టీ 9,000 కలిపి 59,000 కట్టి బిల్లు తీసుకుంటాను. దాన్ని 56,000కి అమ్మితే గిరాకీ దగ్గర పన్ను 10,080 తీసుకుంటాను, నేను ముందే కట్టిన 9,000 ఇన్‌పుట్ క్రెడిట్ కింద తీసేసుకుని మిగతా 1,080 ప్రభుత్వానికి కడతాను. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ హోల్‌సేలర్ తన అమ్మకాల బిల్లులు చూపించే జీఎస్టీఆర్-1 రిటర్న్‌లో నా బిల్లు ఎక్కించకపోతే, 14వ తేదీన తయారయ్యే నా టూబీలో (నాకు అమ్మినవాళ్లు ఎక్కించిన బిల్లుల పట్టిక) ఆ 9,000 కనపడదు. కనపడకపోతే వాడుకోకూడదు, 2022 జనవరి నుంచి చట్టంలోనే అలా రాశారు. అప్పుడు 20వ తేదీలోపు త్రీబీ (పన్ను లెక్క చూపి కట్టే నెలవారీ రిటర్న్) వేసి 10,080 మొత్తం నేనే కట్టాలి. ఆ సరుకు మీద నాకు మిగలాల్సింది 6,000. అది పోగా ఇంకో 3,000 ఎదురు పెట్టుకోవాలి, షాపు కిరాయి, కరెంటు బిల్లు, కుర్రాడి జీతం వేరే. పైగా మా దగ్గర కొనే ప్లంబర్లు, మేస్త్రీలు సగం మంది ఉద్దెరకే తీసుకెళ్తారు, ఆ డబ్బు ఎప్పుడొస్తుందో వాళ్లకే తెలియదు.

మాకు ఎన్నో ఏళ్లుగా సరుకిచ్చే ఒక హోల్‌సేలర్ ఇలాగే చేశాడు. బిల్లు పక్కాగా ఉంది, 36తో మొదలయ్యే మా జీఎస్టీ నంబరులో అక్షరాలు, అంకెలు 15 కూడా సరిగ్గానే ఉన్నాయి, డబ్బు బ్యాంకు ద్వారానే పంపాం. టూబీలో మాత్రం లేదు. ఫోన్ చేస్తే "అయిపోతుంది అన్నా, మా ఆడిటర్ చూసుకుంటున్నాడు" అంటాడు. తర్వాత తర్వాత ఫోన్ ఎత్తడమే మానేశాడు. ఒకసారి క్రెడిట్ వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండడానికీ లేదు. వాళ్లు బిల్లు ఎక్కించి త్రీబీ వేయకుండా వదిలేస్తే, ఆర్థిక సంవత్సరం అయిపోయాక వచ్చే సెప్టెంబర్ 30 వరకు చూసి, నవంబర్ 30లోపు మేం వాడుకున్నది తిరిగి కట్టేయాలి. వాళ్లు ఎప్పుడైనా కడితే మళ్లీ తీసుకోవచ్చట, మరి కట్టకపోతే?

ఇందులో నాకు అన్నిటికంటే అన్యాయంగా అనిపించేది ఇది. ఏడాది టర్నోవర్ కోటిన్నర లోపున్న వ్యాపారి త్రీబీ ఆలస్యం చేస్తే రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు, అదీ ఒక రిటర్న్‌కు 2,000 దాటదు. పన్ను మీద 18 శాతం వడ్డీ ఉంటుంది, నిజమే, కానీ అది అతను కట్టిన రోజు మాట. ఏ తప్పూ లేకుండా కొన్న నాకు మాత్రం ఆ నెలే 9,000 ఆగిపోతుంది.

మూడు నెలలకోసారి రిటర్న్ వేసే వాళ్లతో ఇంకో చిక్కు. 5 కోట్ల లోపు టర్నోవర్ వాళ్లకు 2021 నుంచి ఆ సౌకర్యం ఇచ్చారు, మంచిదే. కానీ వాళ్లు ఏప్రిల్ బిల్లును మే 13లోపు ఐఎఫ్ఎఫ్‌లో (అలాంటి వాళ్లు మధ్య నెలల్లో బిల్లులు ఎక్కించే సౌకర్యం) ఎక్కించకపోతే నెలనెలా ఫైల్ చేసే నాకు ఆ క్రెడిట్ జులై దాకా కనపడకపోవచ్చు. అన్ని రోజులు ఆ డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? చిట్టీ ఎత్తాలి, లేదా చేబదులు అడగాలి.

2018 మేలో జీఎస్టీ కౌన్సిల్ సమావేశం తర్వాత కేంద్రమే ప్రకటించింది, అమ్మినవాడు పన్ను కట్టకపోతే ముందు వాడి దగ్గరే వసూలు చేస్తామని, వ్యాపారి కనిపించకుండా పోవడం, వ్యాపారం మూసేయడం లాంటి సందర్భాల్లో మాత్రమే కొన్నవాడి దగ్గరికి వస్తామని. 2021లో మద్రాసు హైకోర్టు, 2023లో కలకత్తా హైకోర్టు కూడా ముందు అమ్మినవాడి మీద చర్య తీసుకోవాలన్నాయి. వేరే హైకోర్టులు చట్టం చెల్లుతుందనీ అన్నాయి. ఏదెలా ఉన్నా కోర్టుకు వెళ్లే స్తోమత కార్పొరేట్ కంపెనీలకు ఉంటుంది, మాకు కాదు. ఆ కంపెనీలు బిల్లులో పన్ను భాగం ఆపేసి, టూబీలో కనపడ్డాకే ఇస్తాయి. మేం అలా అడిగితే హోల్‌సేలర్ సరుకే ఇవ్వడు, వేరే షాపు చూసుకోమంటాడు.

మన రాష్ట్ర ఆర్థిక మంత్రి కూడా జీఎస్టీ కౌన్సిల్‌లో సభ్యులే కదా. బిల్లు, బ్యాంకు చెల్లింపు రెండూ చూపించిన చిన్న వ్యాపారికి క్రెడిట్ ఆపకుండా, ఎగ్గొట్టినవాడి నుంచే వసూలు చేసేలా చట్టం మార్చమని అక్కడ గట్టిగా అడగాలి. అది తేలేదాకా కనీసం మాకు సరుకిచ్చిన వ్యాపారి రిటర్న్ వేయలేదని ఫోన్‌కు పన్నుల శాఖ తెలుగులో ఒక మెసేజ్ పంపాలి, ఇంకోసారి సరుకు కొనేముందే జాగ్రత్త పడతాం.

నాలాంటి షాపుల వాళ్లకు ఒక మాట. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ కూడా అక్కర్లేకుండా, సెర్చ్ ట్యాక్స్‌పేయర్ దగ్గర అవతలివాళ్ల జీఎస్టీ నంబరు కొడితే ఏ నెల రిటర్న్ ఏ తేదీన వేశారో పట్టికలో కనపడుతుంది. కొత్త హోల్‌సేలర్‌కు అడ్వాన్స్ ఇచ్చే ముందు నేను అది చూస్తున్నాను, రెండు మూడు నెలలు ఖాళీగా ఉంటే రేటు ఎంత తక్కువ చెప్పినా కొనడం లేదు.

ఇట్లు,
ఒక హార్డ్‌వేర్ షాపు యజమాని,
ఉప్పల్, హైదరాబాద్