తెల్లవారుజామున తీసుకునే రొయ్యల పట్టుబడి నిర్ణయాలు

సంపాదకులు గారికి,

రొయ్యల సాగులో నష్టం వస్తే సీడు, మేత, కరెంటు, ధర అని లెక్కలు చెబుతారే గాని, నిద్ర లేని రైతు గట్టు మీద భయంతో తీసుకునే నిర్ణయం వల్ల ఎంత పోతుందో ఎవరూ చెప్పడం లేదు. విడవలూరు మండలంలో వనామీ రకం రొయ్యల సాగు చేస్తున్న వాడిగా ఆ సంగతి రాస్తున్నాను.

రాత్రివేళ నీటిలోని ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు) కూడా ప్రాణవాయువును వాడుకుంటుంది కనుక గుంటలో డీవో (నీటిలో కరిగిన ప్రాణవాయువు) బాగా పడిపోయేది తెల్లవారుజామునే. 17 గంటలు మేలుకొని ఉన్న మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి తగ్గుతుందని పరిశోధకులు గుర్తించారు. అంటే గుంటకు గండం వచ్చే వేళకే మన బుద్ధీ మందగించి ఉంటుంది.

ఒక అమావాస్య నాడు నాకు జరిగింది ఇదే. ముందురోజు ఉదయం నుంచి కన్ను మూయలేదు. కరెంటు పోయి, నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగాయి. మూడు గంటలకు, రొయ్యల మేత చూసుకోవడానికి గుంటలో దించే చెక్ ట్రే ఎత్తితే ఊడిన పెంకులు, మెత్తబడ్డ రొయ్యలు, చచ్చినవి ఏడో ఎనిమిదో కనిపించాయి. పక్క గుంటాయన ఫోన్లో "వైట్ స్పాటేమో అన్నా" (తెల్లమచ్చ వైరస్ రోగం) అనగానే చేతులు వణికి, తెల్లారేలోపే వ్యాపారిని పిలిపించి 90 కౌంటులో (కిలోకు 90 రొయ్యలు తూగే చిన్న సైజులో) పట్టించేశాను. మెత్తరొయ్య అని ఆయన ధర ఇంకా తగ్గించాడు. సాయంత్రం ల్యాబు రిపోర్టులో వైరస్ లేదని వచ్చింది. అది పెంకు విడిచే సమయంలో ప్రాణవాయువు చాలక జరిగిన నష్టం మాత్రమే. ఇంకో నెల ఉంచగలిగి ఉంటే 50 కౌంటుకు వచ్చేది. ఇంట్లో ఆ రిపోర్టు చూపించడానికి నాకు రెండు రోజులు పట్టింది.

అలాగని నా భయం ఉత్తది కాదు. 1994-95లో తెల్లమచ్చ మన తీరంలో గుంటలను ఎలా తుడిచిపెట్టిందో చూసినవాళ్లం. అది సోకితే మూడు నుంచి పది రోజుల్లో గుంట మొత్తం పోవచ్చు, కాబట్టి ఆగడం అన్నివేళలా మంచిది కాదు. అందుకే ఎంత డీవోకు ఏం చేయాలి, ట్రేలో ఎన్ని చస్తే ఎవరికి ఫోన్ చేయాలి, శాంపిల్ పంపకుండా వ్యాపారిని పిలవకూడదు అనేవి మనసు నిమ్మళంగా ఉన్న పగటిపూటే రాసి షెడ్డులో అంటించుకున్నాను.

మత్స్యశాఖ అధికారులు రైతు సమావేశాల్లో మేత, మందులతో పాటు ఈ విషయం కూడా చెప్పాలని, పంట కాలంలో సెలవు రోజుల్లోనూ ల్యాబుల్లో శాంపిళ్లు తీసుకునే ఏర్పాటు చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఆక్వా రైతు,
విడవలూరు మండలం, నెల్లూరు జిల్లా