మన కథలకు ఒక అల్మారా ఇవ్వండి

తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

అయ్యా, 2022 ఏప్రిల్ 4న మన జిల్లా ఏర్పడింది. కార్యాలయాలు వచ్చాయి, బోర్డులు మారాయి. ఈ నేల సాహిత్యం సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఈమధ్య ఒక గ్రంథాలయంలో మధురాంతకం రాజారాం కథలు అడిగాను. గోడ పొడవునా ఉద్యోగ పరీక్షల గైడ్లే ఉన్నాయి. ఆయన పుస్తకం ఒక్కటీ లేదు. దామలచెరువులో ఉంటూ, బడిపంతులుగా పనిచేస్తూ వందలాది కథలు రాసి, 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న మనిషి!

మన యాసలో రాస్తే పక్క జిల్లావాళ్లకే అర్థం కాదని కొందరంటారు. నేనొప్పుకోను. నామిని సుబ్రమణ్యం నాయుడు ఈ యాసలోనే పల్లె బతుకు రాస్తే అన్ని ప్రాంతాల తెలుగువాళ్లూ చదివారు. చెనక్కాయ చెట్టు పెరికి, మట్టి దులిపి, ఊడలకు ఎన్ని కాయలు నిలిచాయో చూసుకునే రైతు మొహాన్ని ఉన్నదున్నట్టు రాస్తే చాలు, వానకోసం ఎదురుచూసిన ఏ దేశంవాడి మనసుకైనా అది తగులుతుంది. అందరికీ నచ్చాలని ఊరినీ యాసనూ తీసేసిన కథను నేనైతే రెండో పేజీ దాటి చదవలేను.

అందుకే అడుగుతున్నా. ప్రతి శాఖా గ్రంథాలయంలో స్థానిక రచయితలకు ఒక అల్మారా కేటాయించండి. దొరకని పుస్తకాల పాత ప్రతులు సేకరించండి. గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం కట్టే మన పిల్లలకు బడిలో వారానికొక గంట ఆ కథలు చదివి వినిపించండి. రాజారాం గారి దామలచెరువు ఉన్న పాకాల మండలంతోనే మొదలుపెట్టండి.

ఇట్లు,
తిరుపతి పాఠకుడు